తుమ్మెదరెక్క తైలం: ముందు, తర్వాత

ఆగస్టు 3, ఆదివారం

ఇన్నేళ్లకు ఈ కామాటిపురా గల్లీకి నాతో పనిపడింది.

నిలేష్ వచ్చాడు. గణపతి మండల్‌కు ఈ ఏడు వాడే కార్యదర్శి. గల్లీ పిల్లలందరిలాగే తాతను 'ఆజోబా' అంటాడు. వెంట వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. పుస్తకాలు పోగా నా గదిలో మిగిలిన చోటు నాకే చాలదు.

"ఆజోబా, చాలీ బిల్డింగ్ ఖాలీ జెయ్యమన్నరు గదా. ఇదే ఆఖరి గణపతి మనకు. దేఖావా మస్త్ పెడ్తున్నం, పెద్ద సెట్టింగ్. మన జునీ గల్లీ, పాతకాలంల ఎట్లుండెనో అట్ల. సోడా దుకాన్, ఖానావళ్, టైలర్, లైబ్రరీ, అంతా ప్లైవుడ్‌తోని. బోర్డులు నువ్వు తెలుగుల రాసియ్యాలె."

"తెలుగులో ఎందుకురా? ఎవడు చదువుతాడు?"

"చదవనీకె గాదు ఆజోబా. ఫీల్ రావాలె."

ఫీల్! మున్సిపల్ బడిలో జీవితమంతా తెలుగు చెప్పాను. చివరి సంవత్సరం నా తరగతిలో పిల్లలకన్నా బెంచీలు ఎక్కువ. బడికి తాళం పడ్డ వారం వీడి నాన్న గల్లీ అంతా పేడాలు పంచాడు, కొడుక్కి ఇంగ్లీషు బడిలో సీటు దొరికిందని. నాకూ ఒకటి ఇచ్చాడు. తిన్నాను కూడా. ఇలాంటివి నేను మరిచిపోను.

రాయనని చెప్పాను. వాడు లేచి, "అయితే గూగుల్‌ల కొట్టి రాసుకుంటంలే" అన్నాడు.

పిలిచి కూర్చోబెట్టాను.

ఆగస్టు 4

పొద్దున్నుంచీ ఒక్కొక్క దుకాణమే గుర్తుకొస్తోంది.

కామాటిపురా మీద ఇంగ్లీషులో, మరాఠీలో, హిందీలో వచ్చిన పుస్తకాలు చాలా చదివాను. రాసినవాళ్లందరికీ కిటికీల్లో గిరాకీ కోసం నిలబడ్డ ఆడవాళ్లే కనిపించారు. ఈ బొంబాయిని కట్టిన మేస్త్రీలు ఇక్కడ పప్పు తిన్నారని, సోడా తాగారని, తలకు నూనె రాసుకున్నారని ఎవరికీ పట్టలేదు. ఆ సంగతి చెప్పినవి గోడల మీది ప్రకటనలే. 'పాలమూరు మేస్త్రీలకు వేడి జొన్నరొట్టె. చేయి కడుక్కున్నాక అప్పు అడగరాదు.' అది పెద్దయ్య ఖానావళి, నిలేష్ ముత్తాతది. 'అజీర్తికి, ఎండదెబ్బకు, అత్తపోరుకు ఒకటే మందు.' అది గోలీసోడా. 'రాజు వేషము, రాణి వేషము, దేవతల కిరీటములు కిరాయికి.' ఆ దుకాణం మా మెట్ల కిందే ఉండేది. దసరా రోజుల్లో అక్కడ యముడు బీడీ తాగుతూ కనిపించేవాడు. ఆ అక్షరాల మీద సున్నం పడింది, సున్నం మీద సినిమా బొమ్మలు, వాటి మీద కేబుల్ తీగలు.

వాటిలో సగం నేనే రాసిచ్చాను. కింద నా పేరు ఎవరూ వేయలేదు.

అవే మళ్లీ రాసిస్తే సరిపోతుంది. కానీ ఎందుకు అవే? ఆ రోజుల్లో నాతో రాయించుకున్నవన్నీ అబద్ధాలు. ఇప్పుడు చదివేవాడు లేడు. చదివేవాడు లేనప్పుడే కదా నిజం రాయడానికి వీలు!

ఆగస్టు 8

పెద్దయ్య ఖానావళి: 'ఇచ్చట నీళ్లలో పప్పు దొరకును.'

గంగారాం టైలర్: 'మీరిచ్చిన గుడ్డలో మూరెడు మాది.'

తెలుగు యువజన గ్రంథాలయం: 'పుస్తకములు అధ్యక్షులవారి ఇంట్లో భద్రముగా ఉన్నవి.' అధ్యక్షుడు పోయాక ఆ పుస్తకాలను కొడుకులు పాత కాగితాలు కొనేవాడికి తూకానికి వేశారు. ఆ తూకం దగ్గర నేను నిలబడి ఉన్నాను. బోర్డు మీద ఇంకా మర్యాదగానే రాశాను.

స్వప్నిల్ అనే పిల్లవాడు నా కాగితాలను ఫోన్‌లో ఫోటో తీసి, గోడ మీదికి పెద్దవి చేసి వేసి, ప్లైవుడ్ మీద రంగుతో దిద్దుతున్నాడు. అది వాడికి రాత కాదు, ముగ్గు. సున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కిందినుంచి పైకి దిద్దుతాడు.

"క్యూట్ ఉన్నయ్ ఆజోబా. గోల్ గోల్" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత కడుపునిండా నవ్వుకున్నాను. తలుపు వేసుకున్నాకే.

ఆగస్టు 11

సైదులు నూనె దుకాణం బోర్డు మిగిలింది. అసలు రాయకూడదనుకున్నాను. బోర్డు లేకపోతే వాడు ఈ గల్లీలో బతకనట్టే అవుతుంది. కానీ నిలేష్ వదల్లేదు. "శాంతాబాయి ఆజీ వాళ్ల దుకాన్ లేకుంటే ఎట్ల? ఆమె ఏమనుకుంటది?"

తుమ్మెదరెక్క కేశ తైలం. దుకాణం వెనక గదిలోనే తయారీ. కొబ్బరినూనె, గుంటగలగరాకు, కొంచెం నల్లరంగు, బోలెడు నోరు. యజమానికి బట్టతల. మే నెల ఎండలో కూడా ఉన్ని టోపీ పెట్టుకుని కూర్చునేవాడు. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏటి వానాకాలంలో నా భార్య రత్నకు టైఫాయిడ్ వచ్చింది. మనిషి దక్కింది, జుట్టు దక్కలేదు. పీచు తీసిన కొబ్బరికాయలా అయింది తల. కొంగు కప్పుకుని గది దాటేది కాదు, నల్లా దగ్గరికి కూడా. నేను పక్కన కూర్చుని పుస్తకాలు చదివి వినిపించేవాణ్ణి.

ఒకరోజు నాగ్‌పాడాలో మంగలి దుకాణంలో గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాను. అద్దం పక్కన గోడ మీద నా భార్య ఉంది. రంగుల కరపత్రం. ఎడమవైపు 'ముందు' అని రత్న, ఆ తలతో. కుడివైపు 'తర్వాత' అని మోకాళ్ల దాకా జడతో శాంతాబాయి, సైదులు పెళ్లాం. కింద తుమ్మెద బొమ్మ. సబ్బు ముఖంతోనే లేచి చించేశాను. ఇంటికి తెచ్చి రత్న ముందు పెడితే, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. భుజాలు అదిరిపోతున్నాయి.

ఆ భుజాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

సైదులుతో మళ్లీ మాట్లాడలేదు. ముందు రత్న పోయింది, తర్వాత వాడూ పోయాడు. వాడు పోయాక కూడా నేను రాజీపడలేదు.

ఇవాళ రాశాను: 'తుమ్మెదరెక్క కేశ తైలము. ఎట్టి తలపైనైనను వెంట్రుకలు మొలిపించును. నమ్మనివారు సైదులు టోపీ తీయించి చూడగలరు.' కింద ఇంకొక వరుస: 'ఊరి ఆడవాళ్ల తలలు అమ్ముకుని బతికిన దుకాణము.'

స్వప్నిల్‌ను పిలిచి కాగితం ఇచ్చాను.

ఆగస్టు 13

మధ్యాహ్నం అన్నానికి శాంతాబాయి దగ్గరికి వెళ్లాను. రత్న పోయినప్పటినుంచీ ఇదే అలవాటు. మా వరండాకు ఆ చివర ఆమె గది. నా కంచం నేనే తీసుకెళ్తాను. గుమ్మం దగ్గర పీట వేస్తుంది. సైదులు బతికి ఉన్నన్నాళ్లూ నేను వచ్చే వేళకు వాడు దుకాణంలోనే ఉండిపోయేవాడు. అంతమాత్రం సిగ్గు ఉండేది.

"అన్నా, ఆయన బోర్డు రాసినవంట గదా?"

"రాశాను."

"ఏం రాసినవ్?"

"దుకాణం పేరు. నూనె సంగతి."

రొట్టె తిప్పుతూ ఆగింది. మోకాళ్లు పోయాయి, కళ్లు బాగానే పనిచేస్తాయి. "బతికినన్ని దినాలు ఒక్క మాట లేకపాయె మీ ఇద్దరికి. ఆయన పేరు నీ చేత్తోని రాసినవంటే నాకు ఎంత మంచిగనిపించిందో చెప్పలేను. పొద్దుగాల్నే మనాలికి ఫోన్ జేసి చెప్పిన."

మనాలి ఆమె కూతురు. రైల్లో గంటకు పైగా దూరం, డోంబివ్లీలో ఉంటుంది. గణపతి అయిపోగానే తల్లిని తీసుకెళ్లిపోతుందట.

ఈ చాలీలో మరాఠీ కలపని తెలుగులో నాతో మాట్లాడే మనిషి ఈమె ఒక్కతే. ఆ బోర్డు మీద ఏముందో తెలిసిన రోజున నా కంచం ఇంకెక్కడా పట్టదు. తెలియదు. ఆమెకు చదువు రాదు, చదివేవాళ్లు ఎవరూ లేరు. ఎలా తెలుస్తుంది?

తెలియదు.

ఆగస్టు 19

వాన. గల్లీలో మోకాళ్ల దాకా నీళ్లు. ప్లైవుడ్ దుకాణాలన్నీ టార్పాలిన్ కింద.

నిలేష్‌ను పట్టుకుని తైలం బోర్డులో ఒక తప్పు పడిందని, తిరిగి ఇస్తే దిద్దుతానని చెప్పాను. నేను అడగడం కాదు, బతిమాలడం అనాలి.

"దాని మీద వార్నిష్ కొట్టినం ఆజోబా. పైన ఫిట్ అయిపోయింది. లైటింగ్ గూడ దాని మీదికే. ఎంత తప్పున్నా ఏమైతది? ఎవరికి తెలుస్తది?"

నా మాటే నాకు తిరిగి చెప్పాడు.

ఆగస్టు 27

గణపతి వచ్చాడు. తాషా డప్పులు, గులాల్ రంగు, పిల్లల కేకలు.

దేఖావా ముందు తోపులాట. ఒక పెద్దమనిషి తెల్లబట్టల్లో వచ్చి, 'నీళ్లలో పప్పు' కింద నిలబడి, మన సంస్కృతిని కాపాడుకోవాలని మరాఠీలో ఉపన్యాసం ఇచ్చాడు. టీవీ పిల్ల గంగారాం బోర్డు ముందు నిలబడి తల పక్కకు వంచి ఫోటో తీయించుకుంది. అందరికీ చాలా అందంగా ఉందట.

నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. తైలం బోర్డు వైపు చూడకుండా ఉంటే.

ఆగస్టు 29

సాయంత్రం నాకా కూలీలు, అంటే అడ్డా కూలీలు, వచ్చారు. పాలమూరువాళ్లు, నాగ్‌పాడా దగ్గర ఏదో కట్టడం పని మీద రేకుల షెడ్లలో ఉంటున్నారు. సిమెంటు చేతులతో దండం పెట్టుకున్నారు. తర్వాత తలలెత్తి చూశారు.

ఒకడు గంగారాం బోర్డు చదివాడు. పైకి. పక్కవాడు విరగబడి నవ్వాడు. "మా ఊరి టైలర్ గూడ ఈడ్నే నేర్చుకున్నట్టుండు!" అన్నాడు. ఇంకొకడు పప్పు బోర్డు చూపించి, "అరేయ్, మన కాంట్రాక్టర్ బోర్డు!" అన్నాడు.

వాళ్లకూ తైలం బోర్డుకూ మధ్యకు వెళ్లి నిలబడ్డాను.

ఈ గల్లీవాళ్లం మేము కూడా పాలమూరు నుంచి తట్ట నెత్తిన పెట్టుకునే వచ్చాం. రెండు తరాలు గడిచేసరికి ఇప్పుడు వచ్చేవాళ్లు మాకు 'నాకావాళ్లు' అయిపోయారు. రోజూ గల్లీలోంచే పోతారు, తెలుగులోనే తిట్టుకుంటూ పోతారు. తెలుగు చదివేవాడు లేడని లెక్క వేసినప్పుడు వాళ్లు నా లెక్కలోకే రాలేదు.

తైలం బోర్డు దగ్గరికి వచ్చేలోగా, ప్రసాదం అటువైపు అని తరిమేశాను.

ఆగస్టు 31

పొద్దున్నుంచీ మండపంలోనే కూర్చుంటున్నాను. తెలుగు మాట వినిపిస్తే లేచి వెళ్లి, అటు చూడండి, ఎలుక వాహనం ఎంత బాగుందో అంటాను. దేవుడి మీద నాకున్న అభిప్రాయం ఈ గల్లీ అంతటికీ తెలుసు. ఇప్పుడు కుర్రాళ్లు నాకు కుర్చీ వేశారు, నుదుట గులాల్ పెట్టారు.

"ఆజోబాను బాప్పా మార్చిండు" అంటున్నాడు నిలేష్.

శాంతాబాయి రొట్టెతో పాటు మోదకం పెట్టింది. "వయసు మీద పడితే బుద్ధి వస్తదన్నా" అన్నది.

సెప్టెంబర్ 1

చెడింది.

శాంతాబాయి గిన్నెలు తోమడానికి పొద్దున్నే ఒక అమ్మాయి వస్తుంది. రోజూ చూసే పిల్లే. పేరు లావణ్య అట, నాకు ఇవాళే తెలిసింది. ఆ నాకావాళ్లలో చంద్రయ్య మేస్త్రీ కోడలు. ఇక్కడ పని ముగించుకుని ఇటుకల పనికి పోతుంది. నేను మెట్లు దిగుతుంటే ఎదురైంది.

"తాతా, గా బోర్డులు నువ్వే రాసినవంట గదా. మావోళ్లు చెప్పి చెప్పి నవ్వుతున్నరు."

"నువ్వు చదివావా?"

"ఇంకా లే. గురువారం శాంతవ్వ కిందికి దిగుతదంట. అన్ని నేనే సదివి చెప్పాలెనంట ఆమెకు. ఇంటర్ సదివిన తాతా, నేను."

ఇంటరు. జీవితమంతా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఈ పిల్లకు చదువు వచ్చా అని ఒక్కనాడు అడగలేదు.

సెప్టెంబర్ 2

లావణ్య కోసం మెట్ల దగ్గర కాపుకాశాను. గురువారం తైలం బోర్డు దగ్గర మాత్రం వేరే మాటలు చదవమన్నాను. మంచి మాటలు నేనే చెప్పాను కూడా: 'శ్రేష్ఠమైన నూనె, నమ్మకమైన మనిషి.'

బోర్డు ఒకసారి చూసి వచ్చింది. నవ్వలేదు.

"ఉన్నది ఉన్నట్టు సదువుమని అవ్వ నాతోని ఒట్టేయించుకున్నది తాతా. నెత్తి మీద చెయ్యి పెట్టిన."

"ఎందుకు ఒట్టు?"

"'మీ తాత మంచిగ రాసిండని అందరు అంటున్నరు. మంచిగ రాసే మనిషి గాదు ఆయన' అన్నది."

సెప్టెంబర్ 3

రొట్టెకు వెళ్లలేదు. కడుపు బాగాలేదని చెప్పి పంపాను.

కడుపు బాగానే ఉంది.

సెప్టెంబర్ 4, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నలుగురు కుర్రాళ్లు శాంతాబాయిని కుర్చీతో సహా మెట్లు దింపారు. "హళూ, హళూ, మెల్లగ" అని కింద నిలేష్ కేకలు. ఆమె రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, "గణపతి లెక్క మోస్తున్నరు బిడ్డా, సముద్రంల వెయ్యకురి" అన్నది. కొత్త చీర కట్టుకుంది. నేను వెళ్లిపోదామనుకున్నాను. "అన్న ఏడి? అన్నను నా పక్కన కూసోబెట్టురి" అన్నది. కూర్చున్నాను.

లావణ్య మొదటినుంచీ చదివింది. గట్టిగా, బడిపిల్లలా. నీళ్లలో పప్పు అనగానే శాంతాబాయి తొడ చరుచుకుంది. "నిజం! పెద్దయ్య పప్పుల గరిటె వేస్తే గరిటె ఒక్కటే వస్తుండె." ఎవరో మరాఠీలో చెప్పారు. గల్లీ అంతా నిలేష్ వైపు తిరిగింది.

"మా పణజోబా పప్పు పత్లీ అని రాసినవా ఆజోబా? నేను దాని కింద నిలబడి డీపీ పెట్టుకున్న!" అన్నాడు వాడు. వాడి తల్లి వెనకనుంచి, "పత్లీ కాకుంటే ఏంది? మా అత్తగారు గూడ గదే చెప్తుండె" అన్నది. నవ్వులు. మూరెడు గుడ్డ దగ్గర గంగారాం మనవడు తన చొక్కా తానే కొలుచుకుని చూపించాడు.

తర్వాత తైలం బోర్డు. లావణ్య నా వైపు చూసింది. నేను నేలను చూశాను.

"'ఎట్టి తలపైనైనను వెంట్రుకలు మొలిపించును. నమ్మనివారు సైదులు టోపీ తీయించి చూడగలరు.'"

పిల్ల ఆగింది.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఉన్నది అవ్వా."

"సదువు. ఒట్టేసినవ్."

చదివింది. ఊరి ఆడవాళ్ల తలలు అమ్ముకుని బతికిన దుకాణము. ఈసారి ఎవరూ మరాఠీలోకి మార్చలేదు.

శాంతాబాయి కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదరసాగాయి. అయిపోయింది అనుకున్నాను. ఇంకో ఆడమనిషిని ఏడిపించాను, ఈసారి నేనే.

కొంగు తీసేసరికి ఆమె నవ్వుతోంది. కళ్లనుంచి నీళ్లు కారేట్టు, దవడ పట్టుకుని.

"పండుకున్నా తియ్యకపోతుండె గదా ఆ టోపీ! పెండ్లయిన ఆరు నెలల దాక నేను ఆ తల సూడలే. దవాఖాన్ల నర్సు తీస్తే దాని చెయ్యి కొరికిండు. అవ్వో! లావణ్యా, ఇంకోపారి సదువే."

ఇంకోసారి చదివింది. శాంతాబాయి ఇంకోసారి నవ్వింది. తర్వాత నెమ్మదించి, అందరికీ చెబుతున్నట్టు అన్నది: "ఆయన పోయినకాడి నుంచి అందరు దేవుడు, దేవుడు అని ఫోటోకు దండలేసిరి. వేసి వేసి ఆ మొఖమే మర్చిపోయిన. ఇయ్యాల టోపీ పెట్టుకుని వచ్చి నిలబడ్డట్టున్నది."

కుర్చీ ఎత్తుతుంటే నా వైపు వంగింది.

"ఊరి ఆడోల్లు ఎవరున్నరన్నా? రత్న వదిన, నేనే గదా. రేపు రొట్టెకు రా. ఆ కడుపునొప్పి డ్రామాలు చాలు."

సెప్టెంబర్ 5

కంచం పట్టుకుని వెళ్లాను. ఆమె చెప్పింది రాస్తున్నాను. నేను నమ్ముతున్నానని కాదు.

"ఫోటో ఆయన అడగలే. రత్న వదిన అడిగింది."

నేను రొట్టె తుంచడం ఆపాను.

"నువ్వు బడికి పోంగనే ఆమె ఒక్కతే కూసుంటుండె, నెత్తి మీద కొంగేసుకుని. నువ్వు పుస్తకాలు చదివి చదివి ఆమెను ఇంకా ఏడిపిస్తివి. అందుల అందరు చచ్చుడే ఉండె. ఒకనాడు ఈయన గుమ్మంల నిలబడి టోపీ తీసిండు. నాకే చూపెట్టనీకె సిగ్గుపడే తల! 'చూడు చెల్లె, నాది నీకన్నా నున్నగున్నది' అన్నడు. జరమొచ్చినంక ఆమె నవ్వుడు గదే మొదలు. 'అన్నా, ఈ తల ఊకెనే ఎందుకు పోవాలె, మీ సీసకు ముందు నేనుంట, తర్వాత వదిన ఉంటది' అన్నది. ఆయన వద్దన్నడు. మాస్తర్ చంపుతడన్నడు. వింటదా? ఫోరస్ రోడ్డుల స్టూడియోకు మేమిద్దరమే పోయినం. ఫోటోగ్రాఫర్ నవ్వొద్దంటడు, ఆమె ఆపది. రెండు ఫిలింలు ఖరాబయినయ్. వచ్చేటప్పుడు ఫలూదా తిన్నం. నెత్తి మీద కొంగు లేకుంటనే నడిచింది ఆనాడు, నడి రోడ్డు మీద."

"నేను కాగితం చూపించినప్పుడు ఏడ్చింది."

"ఏడ్చిందా? కొంగు నోట్ల పెట్టుకుందంట గదా. నవ్వాపుకోలేక సచ్చిన వదినా అని నాకొచ్చి చెప్పింది. నీ ఒక్క చెంపకు సబ్బు అట్లనే ఎండిపోయి ఉండెనంట."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఇన్నేళ్లు?"

శాంతాబాయి రొట్టె పెంక మీదినుంచి తీసి నా కంచంలో వేసింది.

"చెప్తనన్నడు ఈయన. ఆమెనే వద్దన్నది. 'ఆయనకు కోపానికి ఒక మనిషి కావాలె అన్నా. బడి మీద, లోకం మీద ఉన్న కోపమంత ఇప్పుడు నీ మీదికి పోయింది, నాతోని మెత్తగ ఉంటున్నడు. జర ఉండు' అన్నది. ఈయన సరే అన్నడు. జరంత అనుకున్నం. గట్లనే అయిపాయె. వదిన పోయిననాడు గూడ మెట్ల కిందనే నిలబడి ఏడ్చిండు, పైకి రాలే. 'నన్ను చూస్తే మాస్తర్‌కు కోపమొచ్చి ఏడుపు ఆగుతది, ఏడవనియ్యి' అన్నడు."

పప్పు చల్లారింది. తినకుండా లేచాను.

సెప్టెంబర్ 5, సాయంత్రం

అబద్ధం. మొగుణ్ణి మంచివాణ్ణి చేయడానికి అల్లిన కథ.

ఫలూదా మాత్రం అల్లినట్టు లేదు. రత్నకు ఫలూదా ఇష్టమని నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు. ఆ ఏడాది తర్వాత నేను ఆమెతో మెత్తగా ఉన్నానా? ఉన్నాననే అనుకుంటాను. సాయంత్రాలు వరండాలో కూర్చుని సైదులును తిట్టేవాణ్ణి, ఆమె ఉల్లిపాయలు తరుగుతూ వినేది. అవునవును అనేది. అవి మంచి సాయంత్రాలు.

పుస్తకాల్లో మనుషుల మనసులు చదివానని ఇన్నాళ్లు గర్వపడ్డాను. మూరెడు దూరంలో గోడవైపు తిరిగి నవ్వుతున్న మనిషిని చదవలేకపోయాను.

సైదులుగా, టోపీ తీసి చూపించావా నువ్వు!

సెప్టెంబర్ 6

నిమజ్జనం. పొద్దున్నే నిలేష్‌ను నిచ్చెన అడిగాను.

"నువ్వు ఎక్కుతవా? పడ్తవ్ ఆజోబా."

"పట్టుకో. పడితే నీ మీదే పడతాను."

వార్నిష్ మీద రంగు అంటుకోదని స్వప్నిల్ అన్నాడు. అంటింది. కింది వరుసను తుడిచేయలేదు. ఆమె అంతగా నవ్విన వరుస అది. దాని కింద, నా చేత్తోనే, వంకరగా: 'ముందు: రత్నాబాయి. తర్వాత: శాంతాబాయి.'

పైన వరండాలోంచి శాంతాబాయి అరిచింది. "ఏం రాస్తున్నవన్నా?"

లావణ్య గిన్నె చేత్తో పట్టుకునే వచ్చి, చదివి చెప్పింది. పైనుంచి మళ్లీ కేక వచ్చింది.

"నా పేరు పెద్దగ రాయాలె. జడ నాది గదా!"

సాయంత్రం ఊరేగింపు బయలుదేరింది. గిర్గావ్ సముద్రం దాకా నడవలేను, గల్లీ మొన దాకా నడిచాను. తిరిగి వచ్చేసరికి ప్లైవుడ్ గల్లీని విప్పేస్తున్నారు. బోర్డులు ఏం చేయమంటారని నిలేష్ అడిగాడు. ఎవరి తాతది వాళ్లకు ఇచ్చేయమన్నాను. నీళ్లలో పప్పును వాడే చంకలో పెట్టుకుని పోయాడు.

సెప్టెంబర్ 9

మనాలి టెంపో తీసుకొచ్చింది. మంచం, బీరువా, స్టీలు డబ్బాలు, తైలం బోర్డు. బోర్డు ఎక్కించేటప్పుడు మనాలి, "ఆయీ, ఇది కుఠే లావణార్? ఎక్కడ పెడ్తవ్?" అని అడిగింది. "నా మంచం పైన" అన్నది శాంతాబాయి.

కుర్చీలో కూర్చుని చాలీ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"పీట నీ గదిల పెట్టిచ్చిన. మొత్తం పుస్తకాలతోని నింపకు. దాని మీద కూసొని తిను."

ఏం తినాలో చెప్పలేదు.

సెప్టెంబర్ 11

వరండా ఆ చివర తాళం.

హోటల్‌నుంచి పావ్ తెచ్చుకున్నాను. లావణ్య వచ్చింది. ఇక్కడ పని లేదు కదా అన్నాను. పుస్తకం ఒకటి కావాలట. ఏ పుస్తకం అంటే, అందులో ఎవరూ చావకూడదు తాతా అన్నది. వెతికాను. చాలాసేపు వెతకాల్సి వచ్చింది.

పోతూ పోతూ చెప్పింది, శాంతవ్వ ఫోన్ చేసిందని. డోంబివ్లీలో జొన్నపిండి మంచిది దొరుకుతుందట. మంగళవారం పొద్దెక్కినాక జనం తక్కువట. బైకుల్లా స్టేషన్లో స్లో లోకల్ రైలు ఎక్కాలట, కూర్చోవడానికి చోటు ఉంటుందట. ఫాస్ట్ ఎక్కొద్దని రెండుసార్లు చెప్పమందట.

నేను పోను. ఈ వయసులో రొట్టె కోసం అంతదూరం ఎవడు పోతాడు?

డోంబివ్లీలో దిగాక ఏ పక్కకు నడవాలో మాత్రం లావణ్యను అడిగి తెలుసుకున్నాను.